అత్తయ్య రాసుకున్న కేసు షీటు

మా అత్తయ్య అమెరికా వచ్చేనాటికి ఆవిడకు యాభై తొమ్మిదేళ్ళు. కృష్ణా జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేసి, చివరి రోజుల్లో హెడ్ సిస్టరై, కొత్తగా చేరిన డాక్టర్లను కూడా నిలబెట్టి మాట్లాడిన మనిషి. మామయ్య పోయి అప్పటికే చాలా కాలమైంది. పంతొమ్మిది వందల డెబ్భైల చివర్లో గ్రీన్‌కార్డు చేతికి రాగానే ఐసెలిన్ అనే ఊళ్ళో మా రెండు గదుల అపార్ట్‌మెంటుకు వచ్చారు. వచ్చిన మూడో వారమే నన్ను వంటింట్లో పట్టుకున్నారు.

"అమ్మాయ్, ఈ సోఫాలో కూర్చుంటే నాకు నడుం నొప్పి తప్ప ఇంకేం రావట్లేదు. ఎక్కడైనా పని చూడు."

ఆవిడ సర్టిఫికెట్లు ఇక్కడ చెల్లలేదు. మళ్ళీ పరీక్షలు రాయాలన్నారు. అరవై దగ్గర పడ్డాక పరీక్షలేమిటని ఆవిడ ఆ కాగితాలు మడిచి సూట్‌కేసులో పెట్టేసి, మాకు రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌లో ఎయిడ్‌గా చేరారు. మంచాలు సర్దడం, ముసలివాళ్ళకు స్నానాలు చేయించడం, అన్నం తినిపించడం. లేత నీలం యూనిఫాం, తెల్ల బూట్లు, కొబ్బరినూనె రాసి గట్టిగా చుట్టిన ముడి. బస్సులో వెళ్ళి బస్సులో వచ్చేవారు. అక్కడున్న ముసలమ్మలంతా ఆవిడను "సిస్టర్" అని పిలిచేవారు. అలా పిలవమని ఆవిడే చెప్పారని నాకు చాలా రోజుల తరవాత తెలిసింది.

నేను అప్పట్లో మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో రిఫరెన్స్ డెస్కు దగ్గర పార్ట్‌టైం చేసేదాన్ని. ఆవిడ కొడుకు, అంటే మా ఆయన, మందుల కంపెనీలో కెమిస్టు. రక్తం కనబడితే కళ్ళు తిరిగే కెమిస్టు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

అత్తయ్య ఉద్యోగంలో చేరిన నాలుగైదేళ్ళకు మా ఇంట్లో ఒక వింత మొదలైంది. ఫ్రీజర్‌లో ఐసు ట్రేలు ఎప్పుడు చూసినా ఖాళీ. సాయంత్రం పని నుంచి వచ్చి, కాళ్ళు చాపుకుని, ఒక గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసుకుని కరకరా నమిలేవారు. టీవీలో వార్తలు వినపడేవి కావు.

"పళ్ళు పోతాయి అత్తయ్యా," అనేదాన్ని.

"పోతే పోనీ. మన ఊళ్ళో ఐసు కావాలంటే సోడా కొట్టుకు మనిషిని పంపాలి. ఇక్కడ ఇంట్లో కాస్తోంటే తినొద్దా?"

అమెరికా సరదా అనుకుని ఇంకో రెండు ట్రేలు కొన్నాను.

ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు ఆరాధనకు వెళ్ళేవాళ్ళం. అమెరికన్ల ఆరాధన ముగిశాక వాళ్ళ చర్చి బేస్‌మెంటు మాకిచ్చేవారు. పాతిక కుటుంబాలు, మడత కుర్చీలు, ఒక హార్మోనియం, వెనక బల్ల మీద పులిహోర, కోడికూర. పాట ఎత్తుకునేది ఎప్పుడూ అత్తయ్యే. ఆవిడ శ్రుతి అందుకోలేక పాస్టరుగారు సగంలో దిగిపోయేవారు. ఆరాధన అయ్యాక వరసగా అందరి కింది కనురెప్పలూ వేలితో లాగి చూడడం ఆవిడ అలవాటు. "నీకు రక్తం తక్కువగా ఉందమ్మా, తోటకూర తిను." "నువ్వు ఫర్వాలేదు, పో." ఆవిడ దగ్గరికి వచ్చేటప్పుడు పిల్లలు కళ్ళు గట్టిగా మూసుకుని వచ్చేవారు.

ఒక ఆదివారం ఆవిడ రెండో చరణంలో ఆగిపోయారు. పుస్తకం చేతిలోనే ఉంది, నోరు తెరిచే ఉంది, గాలి మాత్రం రావడంలేదు. మెల్లిగా కుర్చీ పట్టుకుని కూర్చున్నారు. నేను పక్కకు చేరి, ఏం తోచిందో, ఆవిడ చేసే పనే ఆవిడకు చేశాను. కింది రెప్ప లాగి చూశాను. లోపల ఎరుపన్నది లేదు. కాగితంలా ఉంది.

"మీరెప్పుడైనా అద్దంలో చూసుకున్నారా అత్తయ్యా?"

"నన్ను నేను చూసుకోవడం నాకెక్కడ అలవాటు?" అన్నారు, ఇంకా రొప్పుతూనే.

మరునాడే మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మంచివాడు, కానీ ఎప్పుడూ తొందర. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఏడున్నర వచ్చింది. మలంలో కంటికి కనపడని రక్తం పోతోందన్నాడు. ఒక పొట్టి గొట్టం పెట్టి చూసి మొలలని తేల్చి, ఐరన్ మాత్రలు రాశాడు.

"నాకు మొలలు లేవు," అన్నారు అత్తయ్య ఇంగ్లీషులో. "మొలలున్న పేషెంట్లను కొన్ని వేలమందిని చూశాను. నేను వాళ్ళలో లేను."

డాక్టరు నవ్వి, రెండు నెలల తరవాత రమ్మన్నాడు.

అన్ని రోజులు ఆగాల్సిన పని పడలేదు. మూడో వారం శనివారం పొద్దున నేను దోసెలు పోస్తున్నాను. బాత్రూంలోంచి అత్తయ్య గొంతు, వార్డులో పిలిచే గొంతు వినిపించింది.

"అమ్మాయ్, స్టవ్ ఆపి ఇలా రా. ఫ్లష్ చెయ్యలేదు. వచ్చి చూడు. అబ్బాయిని మాత్రం రానివ్వకు."

చూశాను. ఎర్రటి రక్తం, బోలెడు. గబగబా ఒక టవలు అందుకున్నాను. ఆవిడ మాత్రం తన మణికట్టు తనే పట్టుకుని గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టుకుంటున్నారు.

"నొప్పి ఉందా?"

"ఏమాత్రం లేదు. అదే నాకు నచ్చట్లేదు. నూట పన్నెండు. కారు తియ్యి."

ఎమర్జెన్సీలో రెండు యూనిట్ల రక్తం ఎక్కించాలన్నారు. రక్తం సంచి కొక్కేనికి తగిలిస్తుండగా మా ఆయన లోపలికి వచ్చారు. ఒకసారి సంచిని చూశారు, ఒకసారి తల్లిని చూశారు, తరవాత నేల మీద ఉన్నారు. నర్సులిద్దరూ అటు పరిగెత్తారు. మంచం మీద నుంచి అత్తయ్య, "కాళ్ళు పైకెత్తండి, తల కింద దిండు పెట్టొద్దు," అని ఆజ్ఞలిస్తున్నారు. ఆ గదిలో ఆ క్షణాన అందరికంటే తేరుకుని ఉన్నది ఆవిడే.

రక్తం దానంతటదే ఆగిపోయింది. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచుకుని, బేరియం అనే తెల్లటి ద్రవం ఇచ్చి ఎక్స్‌రేలు తీశారు. ఏమీ లేదు. నోట్లోంచి గొట్టం వేసి కడుపులో చూశారు. అల్సరు లేదు. చివరి రోజు సర్జన్ వచ్చాడు. పొడుగ్గా, శుభ్రంగా, చాలా నమ్మకంగా ఉన్న మనిషి.

"మళ్ళీ ఇంత రక్తం పోతే పెద్దపేగులో సగం తీసెయ్యడం మంచిది," అన్నాడు.

"ఏ సగం?" అడిగారు అత్తయ్య.

ఆయన కాగితాలు ఒకసారి తిరగేశాడు. "ఎక్కువగా కుడివైపు నుంచే వస్తుంటుంది."

"నా పేగులో ఎక్కడి నుంచి వస్తోందో మీరు చూశారా?"

"ఇంకా లేదు."

"చూశాక కోద్దాం."

ఆయనకు కోపం రాలేదు. పైగా, అది న్యాయమైన మాటేనని ఒప్పుకుని వెళ్ళిపోయాడు. ఆయన అటు వెళ్ళగానే అత్తయ్య గోడ వైపు తిరిగి పడుకున్నారు. అటే చూస్తూ అన్నారు.

"ఎంతమందికి చెప్పానమ్మా, భయపడకండి, ఏం కాదు అని. నోటికొచ్చినట్టు చెప్పేశాను. అది ఎంత తేలిక మాటో ఇప్పుడు తెలుస్తోంది."

ఆవిడ భయపడటం నేను చూసింది అదొక్కసారే. దుప్పటి భుజాల దాకా లాగి, పక్కన కూర్చున్నాను. అంతకంటే చెయ్యడానికి నాకేమీ తెలియలేదు.

ఇంటికొచ్చాక నాకు తెలిసిన పని ఒకటి ఉందని గుర్తొచ్చింది. పుస్తకాలు వెతకడం. మా లైబ్రరీలో వైద్యానికి ఉన్నవి రెండే అల్మారాలు, అందులో సగం బరువు తగ్గడం గురించి. మా రిఫరెన్స్ హెడ్ రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డ అమెరికన్ ఆవిడ. విషయం చెబితే, "పద," అని తన కారులోనే నన్ను దగ్గరలోని మెడికల్ కాలేజీ లైబ్రరీకి తీసుకెళ్ళింది. కంప్యూటర్లో టైపు చేసి వెతికే రోజులు కావు. వైద్య పత్రికల్లో వచ్చిన వ్యాసాలకు ఇటుకల్లాంటి ఇండెక్సు సంపుటాలు దించుకుని, పేగు, రక్తస్రావం, నొప్పి లేకుండా, వయసు మళ్ళినవారిలో అని ఒక్కో మాట పట్టుకుని వేలితో కిందికి జరుపుకుంటూ వెళ్ళాం. మధ్యాహ్నానికి నా వేలు ఒక పొడుగాటి మాట దగ్గర ఆగింది. ఆంజియోడిస్‌ప్లేసియా. నాలుగుసార్లు ప్రయత్నిస్తేగాని నోరు తిరగలేదు.

ఆ వ్యాసం తీసి చదివాను. అందులో ఉన్నది మా అత్తయ్యే. అరవై దాటిన మనిషి, నొప్పి లేని రక్తస్రావం, వచ్చి దానంతటదే ఆగడం, బేరియంలో ఏమీ కనపడకపోవడం. వయసుతోపాటు పెద్దపేగు గోడలో కొన్ని సన్నటి రక్తనాళాలు ఉబ్బి, మెలికలు తిరిగి, గుత్తుల్లా తయారవుతాయట. వాటి పొర ఎంత పలచనంటే ఎప్పుడు చిట్లుతుందో తెలియదట. పొడుగాటి, వంగే గొట్టంతో పేగు చివరి దాకా వెళ్ళి చూస్తేనే దొరుకుతాయట. కొందరు డాక్టర్లు అదే గొట్టంలోంచి కరెంటు పంపి అక్కడికక్కడే కాల్చేస్తున్నారట. అలా చేసే ఆయన ఒకరు ఫిలడెల్ఫియాలో యూనివర్సిటీ ఆసుపత్రిలో ఉన్నారని ఆ లైబ్రరీవాళ్ళే కనుక్కుని చెప్పారు.

ఫోన్ చేశాను. సెక్రెటరీ చాలా మర్యాదగా, రెండున్నర నెలల దాకా ఖాళీ లేదంది. నేను బతిమాలాను. ఆవిడ ఇంకా మర్యాదగా లేదంది. ఫోన్ పెట్టేసి సోఫాలో కూలబడ్డాను.

అత్తయ్య అంతా విని, "కాగితం, బాల్‌పెన్ను ఇలా పడెయ్యి," అన్నారు.

గంటసేపు రాశారు. మిషన్ ఆసుపత్రిలో నేర్చుకున్న ఇంగ్లీషు, ముత్యాల్లాంటి అక్షరాలు, ఎడమవైపు స్కేలుతో గీసిన మార్జిను. సొంత మనిషి గురించి రాసినట్టు లేదు, డ్యూటీ మారేటప్పుడు వచ్చే నర్సుకు అప్పజెప్పినట్టుంది. పేషెంటు స్త్రీ, అరవై నాలుగు సంవత్సరాలు, వృత్తి నర్సు. ఏ రోజు ఎంత రక్తం పోయింది, అప్పుడు నాడి ఎంత, ఎన్ని యూనిట్లు ఎక్కించారు, తరవాత హిమోగ్లోబిన్ ఎంత. మోకాళ్ళ నొప్పులకు రోజూ రెండు ఆస్పిరిన్లు వేసుకుంటున్న సంగతి. చివర నాకు ఇప్పటికీ కంఠతా వచ్చిన నాలుగు ముక్కలు. "కింది నుంచి ఒక అడుగు వరకు చూశారు. మిగతా నాలుగు అడుగులు ఎవరూ చూడలేదు. దయచేసి మీరు చూడగలరా? పేషెంటును నేనే."

ఉత్తరం పోస్టు చేసిన ఐదో రోజు ఇంట్లో ఫోను మోగింది. మా ఆయన ఎత్తారు. అవతల ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకుంటుంటే ఎన్‌సైక్లోపీడియాలు అమ్మేవాడనుకుని, "మాకొద్దండి," అని పెట్టెయ్యబోయారు.

"మీ ఇంట్లో ఒక నర్సు ఉన్నారా? నాకు ఆవిడతో మాట్లాడాలి," అన్నారట.

అత్తయ్య ఫోన్ తీసుకుని నిలబడే మాట్లాడారు. ఆ ఫిలడెల్ఫియా డాక్టరుగారే, వచ్చే గురువారం రమ్మన్నారు.

ఆ స్పెషలిస్టు యాభై ఏళ్ళ మనిషి, బట్టతల, చొక్కా జేబుకు సిరా మరక. ఉత్తరం బల్ల మీద పెట్టుకుని వరసగా ప్రశ్నలు వేశారు. గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు, గుండె కవాటం బిగుసుకున్నవాళ్ళలో కూడా ఈ జబ్బు కనిపిస్తుంటుందని. మా అత్తయ్య గుండె బాగానే ఉందన్నారు. తరవాత ఒక్కసారిగా, "ఐసు తింటారా?" అని అడిగారు.

నేను ఉలిక్కిపడ్డాను. "ట్రేలకు ట్రేలు!"

"ఐరన్ బాగా తగ్గినవాళ్ళు కొందరికి అలా తినాలనిపిస్తుంది. ఎందుకో మాకూ సరిగ్గా తెలియదు."

అత్తయ్య నా వైపు తిరిగి తెలుగులో, "చూశావా, నేనేదో అమెరికా వచ్చి చెడిపోయాననుకున్నావు," అన్నారు.

ఆస్పిరిన్ మానెయ్యమన్నారు. పరీక్షకు వారం ముందు నుంచి ఐరన్ మాత్రలు కూడా ఆపమన్నారు, వాటితో పేగంతా నల్లబడి ఏమీ కనపడదట. లేచేముందు అత్తయ్య ఒక కోరిక కోరారు.

"డాక్టర్, నాకూ చూపిస్తారా?"

"ఏమిటి?"

"ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ కడుపులన్నీ చూశాను. నాది నేను చూడాలనుంది."

ఆ రోజుల్లో తెరలేవీ లేవు. డాక్టరు గొట్టం చివర కన్ను ఆనించి చూడాల్సిందే. విద్యార్థులకు చూపించడానికి పక్కకు తగిలించే ఇంకో గొట్టం ఉందని, ఆ సమయానికి ఆవిడ మెలకువగా ఉంటే ఆలోచిస్తానని నవ్వారు.

పరీక్షకు ముందురోజు మా ఇంట్లో సందడి రాయాలంటే వేరే పుస్తకం కావాలి. కడుపు శుభ్రమవడానికి ఒక గ్యాలన్ ఉప్పునీళ్ళు ఇచ్చారు. పది నిమిషాలకో గ్లాసు. మూడో గ్లాసుకే అత్తయ్య ముఖం చూడలేకపోయాను. తేటగా ఉన్నవి మాత్రమే తాగొచ్చన్నారు. తేట అంటే ఏమిటని ఫోన్ చేసి అడిగితే, గ్లాసు వెనక పేపరు పెడితే అక్షరాలు కనిపించాలంది అక్కడి నర్సు. అంతే, అత్తయ్య మిరియాల చారు పెట్టించి, పాత చీర ముక్కలో నా చేత వడపోయించి, గ్లాసులో పోసి పేపరు మీద పెట్టారు.

"హెడ్డింగులు కనబడుతున్నాయి. చిన్నక్షరాలు మసగ్గా ఉన్నాయి. ఇంకోసారి వడకట్టు."

నాలుగోసారికి సినిమా ప్రకటనలు కూడా చదివారు. ఆ చారులో రుచి అన్నది ఏమీ మిగల్లేదు గాని, ఆవిడ కళ్ళు మూసుకుని అమృతంలా తాగారు.

పరీక్ష జరుగుతున్నంతసేపూ మేమిద్దరం బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. మా ఆయన ఒకే పత్రికను తలకిందులుగా పట్టుకుని నలభై నిమిషాలు చదివారు. నేను చెప్పలేదు. ఆఖరికి డాక్టరు మాస్కు కిందికి లాగుకుంటూ వచ్చారు.

"దొరికాయి. రెండు. కుడివైపు, పెద్దపేగు మొదలయ్యే చోటే. రెండూ కాల్చేశాం. అక్కడ పేగు గోడ పలచన, అందుకని కొంచెం కొంచెంగా కాల్చాం. క్యాన్సర్ లాంటిది ఏదీ లేదు. ఇలాంటివి తరవాత వేరే చోట రావచ్చు. వస్తే మళ్ళీ చూద్దాం."

మా ఆయన డాక్టరుగారి చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. తల ఊపుతూ ఉండిపోయారు. ఆ రోజు మా ఆయనకు కళ్ళు తిరగలేదు. కళ్ళు నిండాయి.

ఆ సాయంత్రం అత్తయ్యను ఆసుపత్రిలోనే ఉంచుకుని, మరునాడు పంపించారు. కారు ఎక్కిన దగ్గర నుంచి వెనక సీట్లో ఆవిడ మాటలు ఆగలేదు.

"చూపించాడమ్మాయ్! మత్తుగా ఉన్నా లేపి మరీ చూపించాడు. లోపలంతా గులాబీరంగు. తడి తడిగా మెరుస్తోంది. ఒక మూల ఎర్రటి చుక్క. చుక్క కూడా కాదు, చిన్న చెట్టులాగా నాలుగైదు కొమ్మలు. నా చిటికెన వేలి గోరంత కూడా లేదు. ఇంతేనా అన్నాను. ఇంతే అన్నాడు. దీనికోసమా నా సగం పేగు కోస్తామన్నారు!"

"నొప్పి అనిపించిందా అమ్మా?" అడిగారు మా ఆయన.

"లేదురా. కాల్చాక అక్కడ తెల్లగా అయింది. కొంచెం బాధేసింది కూడా. ఎంత అందంగా ఉందో!"

"అమ్మా, ఇక చాలు," అన్నారు మా ఆయన, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని. నేను కిటికీ అద్దం కిందికి దించాను.

నాలుగు నెలల్లో హిమోగ్లోబిన్ పన్నెండు దాటింది. చర్చిలో అత్తయ్య మళ్ళీ పాట ఎత్తుకున్నారు. పాస్టరుగారు మళ్ళీ సగంలో దిగిపోయారు. నర్సింగ్ హోమ్‌లో ఆవిడ కథ పాకిపోయి, ముసలమ్మలంతా తమ జబ్బులు ఆవిడ చేత రాయించుకోవడం మొదలుపెట్టారు. స్పెషలిస్టుగారు ఆవిడ ఉత్తరాన్ని పేరు చెరిపేసి విద్యార్థులకు చూపించవచ్చా అని అడిగితే అత్తయ్య, మొదటి పేరాలో ఒక స్పెల్లింగు తప్పు దొర్లింది, అది దిద్దాక చూపించండి అన్నారు.

మూడేళ్ళ తరవాత మళ్ళీ కొంచెం రక్తం పోయింది. ఈసారి ఎవరూ కంగారు పడలేదు. అదే డాక్టరు, అదే ఉప్పునీళ్ళు. కొత్తది ఒకటి దొరికితే దాన్నీ కాల్చేశారు.

ఈలోగా ఆవిడ చేసిన ఘనకార్యం ఇంకొకటి ఉంది. ఒంట్లోకి రక్తం వచ్చాక బస్సు కోసం కాచుకునే ఓపిక పోయిందని, అరవై ఆరో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నారు. రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. ఆ తరవాత చెకప్‌కు ఫిలడెల్ఫియా వెళ్ళేటప్పుడు తనే డ్రైవ్ చేస్తానని పట్టుబట్టారు. టర్న్‌పైక్ అనే పెద్ద హైవే మీద కుడివైపు చివరి లేన్‌లో గంటకు నలభై ఐదు మైళ్ళు, ఒక్క మైలు ఎక్కువ కాదు. వెనక నుంచి లారీలు హారన్లు కొడుతూ మమ్మల్ని దాటిపోతున్నాయి. నేను సీటు బెల్టు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

"అత్తయ్యా, కొంచెం స్పీడు పెంచండి, అందరూ తిడుతున్నారు."

ఆవిడ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అన్నారు. "వాళ్ళకేదో అర్జెంటు కేసు ఉన్నట్టుంది. పోనీలే పాపం."

అపాయింట్‌మెంటుకు ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరాం. కారు ఎవరు నడిపారో తెలిశాక డాక్టరుగారు మాతోపాటు పార్కింగ్ దాకా వచ్చి, అత్తయ్య డ్రైవర్ సీట్లోకి ఎక్కి కూర్చోవడం కళ్ళారా చూసి వెళ్ళారు.